కొలతల పట్టికలో లేని విషం

పటాన్‌చెరు కాలుష్యం గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది పాలకులు చెప్పేది. వెనకబడిన మెదక్ జిల్లాకు పరిశ్రమలు వచ్చాయి, వాటితో ఉపాధి వచ్చింది, కొంత కాలుష్యమూ తప్పలేదు, దాన్ని క్రమంగా అదుపు చేస్తున్నామంటారు. రెండవది పత్రికలు చెప్పేది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అక్కడి నీటిని పరీక్షించేవరకూ ఈ సంగతి ఎవరికీ తెలియదన్నట్టు రాస్తారు. ఈ రెండు కథల్లోనూ నక్కవాగు ఒడ్డున బతికిన మనుషులు లేరు. పోచారం, బచ్చుగూడెం, అరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి గ్రామాల రైతులకు తమ నీళ్లు చెడిపోయాయని 1980ల నడుమే తెలుసు. ఎవరూ వచ్చి చెప్పనక్కరలేదు. బావినీటి రంగు చెప్పింది, వరిమడి చెప్పింది, వాగులో నీళ్లు తాగిన పశువు చెప్పింది. వాళ్లకు తెలిసిన సంగతి శాస్త్ర పత్రికలో అచ్చుకావడానికి సుమారు ఇరవై ఏళ్లు పట్టింది.

ఎందుకు పట్టిందన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న. శాస్త్రం వెనకబడి ఉండటంవల్ల అనే సమాధానం నాకు తృప్తినివ్వదు. ఏది కొలవాలి, ఎవరు కొలవాలి, ఎవరి కొలత చెల్లుతుంది అనేవి నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో చూస్తే తప్ప ఈ ఇరవై ఏళ్ల చరిత్ర అర్థం కాదు.

ముందు ఆ నేల సంగతి తెలుసుకోవాలి. హైదరాబాదు నుంచి బొంబాయి పోయే రహదారి మీద ఉన్న ఈ ఊరికి పేరులోనే చెరువుంది. తెలంగాణలో చాలాచోట్ల మాదిరిగానే ఇక్కడా చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే అలుగు దుమికి ఆ నీరు కింది కుంటకు పోతుంది, కుంట నిండితే వాగుకు పోతుంది. ఇస్కవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. మంజీర మీద దిగువన 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉంది. మెట్టనేలలో కురిసిన కొద్దిపాటి వానను చుక్క వృథా కాకుండా ఊరినుంచి ఊరికి అందించడానికి తరతరాల శ్రమతో ఏర్పడిన వ్యవస్థ ఇది. ఎగువ ఊరివాళ్లకు దిగువ ఊరి పట్ల బాధ్యత ఉండేది. తూము ఎప్పుడు ఎత్తాలి, అలుగు ఎంత ఎత్తున ఉండాలి అన్న తగాదాలుండేవి, వాటికి తీర్పులూ ఉండేవి.

పరిశ్రమలు ఈ వ్యవస్థను కూలగొట్టలేదు, వాడుకున్నాయి. ఎగువ కుంటలోకి వదిలిన రసాయనం ఎవరూ మోయకుండానే దిగువ చెరువుకు చేరింది. కాజీపల్లి చెరువు, గండిగూడెం చెరువు, కిష్టారెడ్డిపేట చెరువు, ఆసానికుంట ఒకటొకటిగా వ్యర్థజలాల తొట్లయ్యాయి. సాగునీరు పారిన దారినే విషం పారింది. మురుగుకాలువ తవ్వే ఖర్చు కూడా యాజమాన్యాలకు తప్పింది, కాకతీయుల నాటి నుంచి సాగిన చెరువుల సంప్రదాయం దాన్ని ఉచితంగా సమకూర్చిపెట్టింది. మన పత్రికల్లో చెరువుల వైభవం గురించి ఎన్నో వ్యాసాలు వస్తుంటాయి. వాటిలో ఈ అధ్యాయం అరుదుగా కనిపిస్తుంది.

ఇక పరిశ్రమ ఎలా వచ్చిందన్నది. ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ 1973లో ఏర్పడింది. 1970ల నడుమ నుంచి పటాన్‌చెరులో, తర్వాత బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, బొంతపల్లి ప్రాంతాల్లో పారిశ్రామిక వాడలు వెలిశాయి. వెనకబడిన జిల్లా అన్న పేరుతో రాయితీలు దొరికాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన తర్వాత ఈ వేగం మరింత పెరిగింది. వచ్చినవాటిలో అన్ని రకాలూ ఉన్నా, మందుల ముడిపదార్థాలు తయారుచేసే బల్క్‌డ్రగ్ కర్మాగారాలదే చివరకు పైచేయి అయింది.

మందుల పరిశ్రమే ఇక్కడ ఎందుకు పాతుకుంది? ఇక్కడ అభ్యుదయవాదులం కాస్త నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే ఈ కథ మొదటి భాగం మనం గర్వంగా చెప్పుకునే కథే. 1961లో ప్రభుత్వ రంగంలో ఏర్పడిన ఐడీపీఎల్ సంస్థ సోవియట్ సహకారంతో హైదరాబాదు బాలానగర్‌లో సింథటిక్ మందుల కర్మాగారం నెలకొల్పింది. విదేశీ కంపెనీల గుత్తాధిపత్యం నుంచి బయటపడాలన్నది లక్ష్యం. 1970 నాటి పేటెంట్ల చట్టం, 1972 నుంచి అమల్లోకి వచ్చి, మందు మీద కాక మందు తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు తయారుచేసుకునే హక్కు మన రసాయన శాస్త్రజ్ఞులకు దక్కింది. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కె. అంజిరెడ్డి కూడా అక్కడ పనిచేసినవారే. 1990ల నాటికి ప్రభుత్వ సంస్థ ఖాయిలా పడింది, దాని విజ్ఞానం మీద పెరిగిన ప్రైవేటు సంస్థలు ప్రపంచ మార్కెట్టుకెక్కాయి. ప్రజల డబ్బుతో పుట్టిన విజ్ఞానం ప్రైవేటు లాభంగా మారిన ఈ క్రమం విడిగా రాయదగ్గది. ఇక్కడ అవసరమైనంతవరకు ఒక్క మాట: ఇక్కడ తయారైన చౌక మందులు మన దేశంలోనూ ఆఫ్రికాలోనూ లక్షలాది పేదల ప్రాణాలు కాపాడాయి. ఆ విజయాన్ని చిన్నబుచ్చాల్సిన పని లేదు.

కాని చౌక ఎక్కడినుంచి వచ్చింది? రసాయన శాస్త్రజ్ఞుడు రోజర్ షెల్డన్ 1992లో ఒక లెక్క వేశాడు. చమురు శుద్ధిలో కిలో సరుకుకు వచ్చే వ్యర్థం వంద గ్రాములకు లోపే. మందుల తయారీలో కిలో సరుకుకు 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం వస్తుంది. ద్రావకాలు, ఆమ్లాలు, లవణాలు, సగంలో విఫలమైన చర్యల మడ్డి, అన్నీ కలిపి. ఈ వ్యర్థాన్ని సక్రమంగా శుద్ధి చేస్తే మందు ధర పెరుగుతుంది. చేయకపోతే ఆ తేడాను నక్కవాగు భరిస్తుంది. మాత్ర మీద అచ్చువేసిన ధరలో అరుట్ల రైతు పొలం ఖరీదు ఎన్నడూ చేరలేదు.

రైతులు ఊరుకోలేదు. కాని చట్టం వారికిచ్చిన చోటెంతో చూడండి. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. ఆ చట్టం కింద నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించాలంటే ఫిర్యాదు మండలి చేయాలి, లేదా మండలి రాతపూర్వకంగా అనుమతించాలి. తన బావిలో విషం పోసినవాడి మీద రైతు నేరుగా ఈ చట్టం కింద కేసు పెట్టలేడు. 1988 సవరణ తర్వాతే, అరవై రోజుల నోటీసు ఇచ్చి మామూలు పౌరుడు కోర్టుకు పోవచ్చునన్న వీలు కలిగింది. వ్యర్థజలాల నమూనాకూ పద్ధతుంది. యజమానికి నోటీసు ఇవ్వాలి, అతని ఎదుట నమూనా తీయాలి, రెండు భాగాలు చేసి సీలు వేయాలి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. ఈ వరస తప్పితే ఫలితం సాక్ష్యంగా చెల్లదు. యజమాని హక్కులకు ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న చట్టంలో, రైతు సీసాలో పట్టుకొచ్చిన నీళ్లకు చోటు లేదు.

పటాన్‌చెరులో వైద్యవృత్తిలో ఉన్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు ఈ దశలోనే గ్రామాల పక్షాన నిలిచారు. తన దగ్గరికొచ్చే రోగుల చర్మవ్యాధులు, కడుపునొప్పులు, గర్భస్రావాలు ఏ ఊళ్లనుంచి వస్తున్నాయో చూసిన వైద్యుడికి, వాగు ఎటు పారుతుందో చెప్పడానికి పటం అవసరం లేదు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ సుప్రీంకోర్టులో పటాన్‌చెరు గ్రామాల తరఫున రిట్ వేసింది. సంగారెడ్డి జిల్లా జడ్జి విచారించి నివేదిక ఇచ్చారు. నష్టపోయిన రైతులకు పరిహారం, గ్రామాలకు తాగునీరు ఇవ్వాలన్న ఆదేశాలు వెలువడ్డాయి. కేసు 2001లో రాష్ట్ర హైకోర్టుకు, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారింది. 2017లో తీర్పు వచ్చింది. మొత్తం ఇరవై ఏడేళ్లు. ఈలోగా 2013లోనే బల్క్‌డ్రగ్ పరిశ్రమల విస్తరణ మీద ఉన్న ఆంక్షలను రాష్ట్ర ప్రభుత్వం సడలించింది. కేసు తాపీగా నడవడానికీ పరిశ్రమ చురుగ్గా పెరగడానికీ వైరుధ్యమేమీ లేదు, రెండూ ఒకరి ప్రయోజనానికే పనికొచ్చాయి.

కోర్టు ఒత్తిడి పెరుగుతున్న ఆ రోజుల్లోనే పరిష్కారంగా ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. పటాన్‌చెరు ఎన్విరోటెక్ పేరుతో 1994లో అది పని మొదలుపెట్టింది. దాదాపు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాలు ట్యాంకర్లలో అక్కడికి చేరేవి. శుద్ధయిన నీరు ఇస్కవాగులోకి పోయేది. అసలు మలుపు ఇక్కడుంది. శుద్ధి జరిగిందో లేదో దేనితో తేల్చారు? పట్టికలో ముఖ్యంగా ఉండేవి మూడు. బీవోడీ అంటే నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలన్న కొలత. సీవోడీ అంటే అదే పనిని రసాయనాలతో చేయడానికి ఎంత కావాలన్నది. టీడీఎస్ అంటే కరిగిన లవణాలు. వీటికి ఆమ్లత్వం, కొన్ని లోహాలు తోడు. ఇవన్నీ అవసరమైన కొలతలే. అయితే చక్కెర మిల్లు నీటికీ యాంటీబయాటిక్ కర్మాగారం నీటికీ మధ్య తేడాను ఈ పట్టిక చెప్పలేదు. తొంభై కర్మాగారాలు తయారుచేస్తున్న సరుకు పేరు ఏదీ అందులో లేదు. మందుల కర్మాగారం నీటిలో మందు ఉందా అన్న ప్రశ్న ఎవరూ అడగవలసిన అవసరం లేకుండా ఆ పట్టిక తయారైంది.

ఇదేదో కుట్ర అని నేను అనడం లేదు. కుట్ర అక్కరలేదు. ఖరీదైన సరుకును నీళ్లలో ఎవరు పారబోస్తారు అన్న వ్యాపార తర్కమే శాస్త్రీయ తర్కంగా చెలామణీ అయింది. నదుల్లో మందులు దొరికితే అవి రోగుల మూత్రం నుంచి వచ్చినవేనని పాశ్చాత్య శాస్త్రజ్ఞులూ అనుకుంటూ వచ్చారు. తాము వాడే మందు ఎక్కడ తయారవుతుందో, అక్కడి వాగు ఎలా ఉంటుందో చూడనక్కరలేని దేశాలకు ఆ ఊహ సహజమే.

ఆ ఊహను పగలగొట్టింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం. శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిలోనే, అంటే శుద్ధి అయిన తర్వాత, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో వారు ప్రకటించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. కొన్ని రకాల బాక్టీరియాను చంపడానికి కావలసినదానికి వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ వాగులో కలుస్తోందని లెక్క. స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజుల్లో వాడే మోతాదు అది. దానితో పాటు రక్తపోటు మందులు, అలర్జీ మందులు, మానసిక వ్యాధుల మందులు కూడా దొరికాయి. 2009లో అదే పరిశోధకులు చెరువులు, గ్రామాల బావులు పరీక్షించి, ఒక చెరువులో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉందనీ, ఆరు గ్రామాల బావుల్లోనూ మందుల అవశేషాలున్నాయనీ తేల్చారు. అంటే జబ్బులేని మనిషి, చీటీ లేకుండా, ధర చెల్లించకుండా, ప్రతిరోజూ మందు తాగుతున్నాడు. ఆ ఏడాది జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ ద్వారా ఈ వార్త ప్రపంచ పత్రికలకెక్కింది.

ఆ తర్వాత పరిశోధనల దృష్టి మందు నుంచి బాక్టీరియా వైపు మళ్లింది. దీనికి కారణం శుద్ధి కేంద్రంలోనే ఉంది. అక్కడ మురికిని తినేది సూక్ష్మజీవులే. వాటి పని బాగా సాగడానికి ఇళ్ల మురుగునీటిని కూడా కలిపేవారు. మనిషి పేగుల్లోని బాక్టీరియా, పదుల రకాల యాంటీబయాటిక్ అవశేషాలు ఒకే తొట్టిలో రోజుల తరబడి కలిసి ఉంటాయి. మందుకు లొంగేది చస్తుంది, లొంగనిది పెరుగుతుంది, పెరిగినది తన నిరోధక జన్యువును పొరుగుదానికి అందిస్తుంది. 2013లో అచ్చయిన పరిశోధనలో ఆ కేంద్రంలో దొరికిన బాక్టీరియా రకాల్లో 86 శాతం, ఇరవై లేక అంతకు మించిన మందులకు లొంగనివని తేలింది. కాజీపల్లి చెరువు మట్టిలో నిరోధక జన్యువులు స్వీడన్ చెరువుతో పోలిస్తే దాదాపు ఏడువేల రెట్లు ఉన్నాయని 2014లో వెల్లడైంది. 2016 నవంబరులో జర్మన్ పరిశోధకులు, పాత్రికేయులు కలిసి హైదరాబాదు పరిసరాల్లో 28 చోట్ల నమూనాలు తీశారు. ఒకచోట ఫ్లూకోనజోల్ అనే శిలీంధ్రనాశక మందు లీటరుకు 237 మిల్లీగ్రాములుంది. చివరి అస్త్రంగా దాచుకున్న కార్బపెనెమ్ మందులను సైతం ధిక్కరించే బాక్టీరియా దాదాపు అన్నిచోట్లా కనిపించింది.

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. 2014లోనే వచ్చిన మరొక పరిశోధన, కలుషిత గ్రామాల ప్రజల మలంలో క్వినొలోన్ మందులను ధిక్కరించే ఒక రకం జన్యువులు దూరగ్రామాల వారికంటే ఎక్కువగా ఉన్నాయా అని చూసింది. ఎక్కువగా ఉన్నాయనడానికి ఆధారం దొరకలేదు. పరిశ్రమ వర్గాలకు ఈ వాక్యం ఎంత ప్రీతిపాత్రమో వేరే చెప్పాలా! కాని తర్వాతి వాక్యం కూడా చదవాలి. పరీక్షించిన భారతీయుల్లో 91 శాతం మందిలో ఆ జన్యువులు ఉన్నాయి, స్వీడన్‌వారిలో 24 శాతంలోనే. ఊరికీ ఊరికీ తేడా కనిపించకపోవడానికి కారణం, అవి అప్పటికే మనిషినుంచి మనిషికి దేశమంతా వ్యాపించి ఉండటమే కావచ్చునన్నారు పరిశోధకులు. వాటి పుట్టుక పటాన్‌చెరులోనే అని దీనివల్ల రుజువు కాదు. డాక్టరు చీటీ లేకుండా మందులమ్మే దుకాణాలకు, మురుగుకాలువలు లేని బస్తీలకు, కోళ్ల ఫారాలకు ఇందులో వాటా ఉంది. అయితే పటాన్‌చెరు రైతును ఇరవై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఎలాంటిదో ఇక్కడ బయటపడుతుంది. ఈ విషం ఫలానా కర్మాగారం నుంచే వచ్చిందని, నీ జబ్బు ఫలానా విషం వల్లనేనని నువ్వే రుజువు చెయ్యమంటారు. తొంభై కర్మాగారాల నీళ్లు ఒక తొట్టిలో కలిపేశాక ఏ శాస్త్రమూ ఆ రుజువు ఇవ్వలేదు. ఉమ్మడి శుద్ధి కేంద్రం నీటిని ఎంత శుద్ధి చేసిందో గాని, బాధ్యతను మాత్రం పూర్తిగా కరిగించివేసింది.

మరొక మార్పు కూడా గమనించాలి. నిరోధక బాక్టీరియా పేరుతో ఈ సమస్య ప్రపంచ సమస్య అయింది. 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా చనిపోయారని లాన్సెట్ పత్రికలో 2022లో అచ్చయిన అంచనా. భయపడవలసిన సంగతే. కాని ఐరోపా ఆసుపత్రులకు ముప్పు అన్న తర్వాతే పటాన్‌చెరు నీటికి విలువ రావడం, అలా వచ్చిన విలువలో పటాన్‌చెరు పొలాలు కనబడకుండా పోవడం మనం చూస్తున్నాం. పరిశోధకులు దీనికి బాధ్యులు కారు. తమ దేశంలో అమ్మే మాత్రల్లో ఎన్ని ఈ శుద్ధి కేంద్రానికి నీళ్లు పంపే కర్మాగారాల నుంచి వస్తున్నాయో వారే వెదికి రాశారు.

ఇంతకాలానికి పట్టికలో ఆ కాలమ్ చేరిందా? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు సూచికలు కట్టింది. 70 దాటితే అత్యంత కలుషితం. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి 70.07 వచ్చింది. 2010 జనవరిలో కొత్త పరిశ్రమల మీద తాత్కాలిక నిషేధం వచ్చింది, ఆ తర్వాత ఎత్తివేశారు. వ్యర్థజలాలను పద్దెనిమిది కిలోమీటర్ల గొట్టం వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి తరలించారు. ఇస్కవాగుకు కొంత ఊరట కలిగింది, మూసీ ఒడ్డున గడ్డి కోసేవాళ్ల వంతు వచ్చింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. కర్మాగారాల వ్యర్థజలాల్లో 121 యాంటీబయాటిక్‌లకు, ఒక్కొక్కదానికి, పరిమితి పెట్టే ముసాయిదా అది. ప్రపంచంలో ఏ దేశమూ అలాంటి నిబంధన తేలేదని శాస్త్రజ్ఞులు మెచ్చుకున్నారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వెలువడింది. 121 పేర్లలో ఒక్కటీ అందులో లేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు ప్రకటించింది, అవి సలహాలే తప్ప చట్టం కావు.

వాగు గురించి ఇంత రాసినా గోడ లోపలి మనిషి గురించి రాయలేదన్న వెలితి ఈ వ్యాసానికీ ఉంది, ఆ పరిశోధనలకూ ఉంది. లీటరు నీటిలో మిల్లీగ్రాముల మందు ఉంటేనే ఇంత చర్చ. ఆ మందు పొడిని రోజూ పీలుస్తూ రియాక్టర్ల దగ్గర పనిచేసే కాంట్రాక్టు కార్మికుడి రక్తంలో ఏముందో కొలవడానికి ఏ విశ్వవిద్యాలయమూ అంత ఉత్సాహం చూపలేదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయినప్పుడే, అక్కడ పనిచేస్తున్నవారు బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారని మన పత్రికలకు గుర్తొచ్చింది. మన కథల్లోనూ దొరల గడీ కనిపించినంతగా కర్మాగారం వెనకగోడ కనిపించదు.

రచయితల సంఘంగా మనం చేయగల పని ఒకటుంది. పైన చెప్పిన పరిశోధనలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఎవరైనా వెతికి తీయవచ్చు. వాటికి ఇరవై ఏళ్ల ముందు ఈ సంగతులనే చెప్పినవాళ్లు రాసుకున్న అర్జీలు, గ్రామపంచాయతీ తీర్మానాలు, జిల్లా జడ్జి విచారణలో ఇచ్చిన వాంగ్మూలాలు తెలుగులో ఉన్నాయి. అవి సంగారెడ్డి కలెక్టరేటులో, కోర్టు రికార్డుల గదిలో, కొన్ని ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో ఉంటాయి. రాసినవాళ్లలో కొందరైనా ఇంకా బతికే ఉంటారు. ఏ సంవత్సరం ఏ కుంటలో చేపలు తేలాయో, ఏ కారు నుంచి వరి వేయడం మానుకున్నారో, ఏ బావికి ఎప్పుడు మూత పెట్టారో ఊరివారీగా రాసిపెట్టే పనికి నలుగురు యువకులు, ఒక రికార్డరు చాలు. ఇస్మాయిల్‌ఖాన్‌పేటతో మొదలుపెట్టి వాగుకు ఎదురు నడవవచ్చు.